పద్నాలుగు ఔనులు

ఆ ఉదయం ఆ గదిలో హాజరైనవారు, కూర్చున్న వరుసలో: బల్లకు ఆవలి వైపు నడుమ విచారణాధికారిణి, ఆమెకు ఎడమ పక్క భత్యాల శాఖ తరఫున వాదించే అధికారి, బల్ల చివర, ఎటువైపుకూ చెందకుండా, దుభాషి, ఈవలి వైపు మొదటి కుర్చీలో మా వెల్డరు, రెండవ కుర్చీలో అతని భార్య, అనగా నా తమ్ముడి కూతురు, మూడవ కుర్చీలో నేను, వెనుక గోడవార నమోదు యంత్రం ముందు గుమాస్తా. నా ఒళ్లో ఒక నీలిరంగు ఫైలు. గదిని వెచ్చబరిచే యంత్రం చెడిపోయినందున రెండు పక్షాలవారూ కోట్లు విప్పకుండానే కూర్చున్నారు.

వ్యవహారం ఇంతవరకు ఎలా వచ్చినదో క్లుప్తంగా మనవి చేస్తాను. నాలుగేళ్ల కిందట వర్క్‌షాపులో గ్యాసు సిలిండరు పేలి వెల్డరు కుడిచేయి భుజం దగ్గరనుంచి చచ్చుబడింది. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదానినొకటి తాకవు. అప్పట్లో ఆసుపత్రి వైద్యుడే నేరుగా రాసి పంపినందువల్ల, తక్కువ రాబడిగల విదేశీ నివాసులకు వర్తించే వైకల్య భత్యమూ, దానితోపాటు పన్ను రాయితీ కూడా ఏ ప్రశ్నా లేకుండా మంజూరయ్యాయి. ఇప్పుడతను అదే వర్క్‌షాపు గేటు దగ్గర కూర్చుని, కాలితో మీట నొక్కి లారీలను లోపలికి వదులుతున్నాడు. వెల్డరు అన్న పేరు మాత్రం పోలేదు.

మూడేళ్లకొకసారి భత్యం పుచ్చుకునేవారు స్వయంగా నింపవలసిన ఫారం ఒకటి ఉంటుంది. అది వచ్చింది, నింపి పంపాము. రెండు నెలలకు భత్యం నిలిపివేశామనీ, రాయితీ రద్దు చేశామనీ, గడిచిన ఏడాది రాయితీని తిరిగి కట్టవలసిందనీ ఉత్తరం వచ్చింది. పన్ను బాకీ ఉన్న విదేశీయుడికి నివాస అనుమతి పొడిగించరు. వారి అనుమతి గడువు వచ్చే నెలాఖరు. ఈ విచారణలో ఓడితే ఆ దంపతులు పదహారేళ్లుగా ఉంటున్న ఇంటిని ఖాళీ చేసి దేశం వదలవలసిందే. అందుకే ఆ ఉత్తరం మీద అప్పీలు చేసుకున్నాము.

శాఖ తరఫు అధికారి మర్యాదస్తుడు. గొంతు పెంచలేదు. ఫారం కాగితాలను సరిచేసుకుని, ఒక్కొక్క ప్రశ్నా చదివి, జవాబు చదివి, దుభాషి దానిని తెలుగులో చెప్పేవరకు ఆగాడు.

“ప్రశ్న ఒకటి. దుస్తులు వేసుకోగలరా? జవాబు: ఔను. ప్రశ్న రెండు. స్నానం చేసుకోగలరా? ఔను. ప్రశ్న మూడు. భోజనం చేయగలరా? ఔను.”

పద్నాలుగు ప్రశ్నలు. పద్నాలుగు ఔనులు. చివర ఇంకొక గడి: నిత్యకృత్యాలలో మీకు సాయం చేసేవారెవరైనా ఉన్నారా? ఎవరూ లేరు. కింద వెల్డరు ఎడమచేతి వేలిముద్ర, సాక్షిగా అతని భార్య సంతకం, ‘పూరించినవారు’ అన్నచోట నా సంతకం. అక్షరాలన్నీ నా దస్తూరీ. షిప్పింగు కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్లు ఉత్తరప్రత్యుత్తరాల విభాగం చూసినవాడిని కావడం చేత, కొట్టివేత గాని, మరక గాని ఎక్కడా లేదు.

“వైద్యుని పత్రం నిజమైతే ఈ ఫారం అబద్ధం. ఫారం నిజమైతే ఆ పత్రం అబద్ధం. రెండూ నిజమని ఒప్పుకోవడానికి మా నిబంధనలలో చోటు లేదు,” అని అధికారి ముగించాడు.

విచారణాధికారిణి అద్దాలు తీసి వెల్డరు వైపు చూసింది. “ఈ జవాబులు మీరు చెప్పినవేనా?”

“నేను చెప్పినవేనండీ,” అన్నాడు వెల్డరు దుభాషితో.

“నాతో కాదండీ, ఆవిడవైపు చూసి చెప్పండి. నేను అటు అందిస్తాను,” అన్నది దుభాషి.

“ఆవిడ మొహం చూస్తే నాకు మాట రావట్లేదమ్మా. మా ఇస్కూల్లో లెక్కల టీచరు సరిగ్గా ఇలాగే ఉండేది.”

“ఇది కూడా చెప్పమంటారా?”

“వద్దొద్దు!”

వెల్డరు భార్య మోకాలితో అతని మోకాలిని తట్టింది. విచారణాధికారిణి అడిగింది: “మీరు స్నానం చేసుకుంటారా?”

“అదేం ప్రశ్నండీ! రోజూ చేస్తాను. మా గురించి ఏమనుకుంటున్నారు వీళ్లు?”

“అన్నం తింటారా?”

“తినకపోతే ఇన్నాళ్లు ఎలా ఉన్నానంటా? చెయ్యి పోయింది గానీ ఆకలి పోలేదని చెప్పమ్మా.”

“ఏవండీ,” అన్నది భార్య పళ్ల మధ్య నుంచి, “అడిగినదానికి సరిగ్గా చెప్పండి.”

“సరిగ్గానే చెబుతున్నా కదే!”

శాఖ తరఫు అధికారి కలం మూత పెట్టాడు. ఇక తాను కొత్తగా నిరూపించవలసినది లేదన్నట్టు కనిపించాడు. అప్పుడు విచారణాధికారిణి, కాగితం చూడకుండా, పక్కింటివారిని పలకరించిన ధోరణిలో అడిగింది: “ఈ రోజు మీ చొక్కా బొత్తాలు ఎవరు పెట్టారు?”

“ఇంకెవరు? మా ఆవిడ.”

“నిన్న?”

“రోజూ అదే.”

“స్నానం?”

వెల్డరు కొంచెం తల దించుకున్నాడు. “అదీ తనే. పొద్దున నాలుగింటికి లేస్తుంది. నన్ను తెమిల్చి, ఇంత తినిపించి, గేటు దగ్గర కూర్చోబెట్టి, అప్పుడు పోతుంది తన పనికి. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడత పెడుతుంది. మధ్యాహ్నం మళ్లీ వచ్చి…” అని ఆగి, “అవన్నీ ఆడవాళ్ల ముందు చెప్పేవి కాదులెండి,” అన్నాడు.

“మరి సాయం చేసేవారు ఎవరూ లేరని ఎందుకు చెప్పారు?”

దుభాషి ప్రశ్నను రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. వెల్డరుకు ఆమె తెలుగు అర్థం కాక కాదు. ఆ ప్రశ్నలోని ఆశ్చర్యమే అతనికి అంతుపట్టలేదు.

“సాయమంటే బయటివాళ్లు చేసేది కదండీ? మా ఇంటికి ఎవరూ రారు, ఎవర్నీ పిలవలేదు. ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు… చాపడానికి చెయ్యి ఉంటే కదా అనుకోండి. ఇంట్లో మనిషి చేస్తే అది సాయం ఎలా అవుతుంది? తను చేసినా నేను చేసుకున్నట్టే. మా ఇద్దరికీ కలిపి రెండు చేతులున్నాయి. అవి తన ఒంటికున్నాయి, అంతే.”

దుభాషి దీనిని జాగ్రత్తగా, ఒక్క మాట జారకుండా అవతలి భాషలోకి తీసుకువెళ్లింది. మనవాళ్లు ఎవరైనా ఈ పొరపాటే చేస్తారు. వేరొకరు చేయగలరని నేననుకోను. ఆ ఫారం తయారుచేసినవారి ఊహలో మనిషి అంటే చర్మం దగ్గర ముగిసిపోయేవాడు. వెల్డరు ఊహలో మనిషి అంటే ఇంటి గుమ్మందాకా ఉన్నవాడు.

శాఖ తరఫు అధికారి తూచి జవాబు చెప్పాడు.

“హృదయానికి తగిలే వివరణ. కాని ఇది ఈ రోజు పుట్టినది. ఫారం నింపినది ఈయన కాదు. మూడవ కుర్చీలోని పెద్దమనిషి. ఈ పేటలోని తమ దేశస్థులలో నలభై కుటుంబాల ఫారాలు వారే నింపుతారు. ఫారాల సహాయకుడిగా మా శాఖే వారికి గుర్తింపు కార్డు ఇచ్చింది. వారి భాషాజ్ఞానం మా ఉద్యోగులలో చాలామందికి లేదు. ‘సాయం’ అన్న గడిలో ఏమి రాయాలో వారికి తెలియదంటే నేను నమ్మను.”

బల్లకు అవతలివారిద్దరూ, దుభాషీ నా వైపు చూశారు. ఈవలి వైపున్న ఇద్దరూ చూడలేదు.

“ఫారం నింపిన రోజున,” అని విచారణాధికారిణి నన్ను నేరుగా తన భాషలో అడిగింది, “ఈ జవాబులకు భిన్నంగా ఎవరైనా మీకు ఏమైనా చెప్పారా?”

ఇక్కడ ఆ రోజు జరిగినది చెప్పవలసి ఉన్నది. వారి వంటింటి బల్ల మీద చిత్తుప్రతి పెన్సిలుతో రాస్తున్నాను. వెల్డరు అన్నింటికీ ఔనంటున్నాడు. పొయ్యి దగ్గర నిలబడి అమ్మాయి అన్నది: “పెదనాన్నా, ఆయన అలాగే అంటారు. బొత్తాలూ స్నానమూ అన్నీ నేనే చూస్తానని రాయండి.” రాశాను. ఆమె మాటలను ఆమె మాటలుగానే, తెలుగులో, పక్కన రాసుకున్నాను. తరువాత స్కేలు పెట్టి ఒక గీత గీసి వాటిని కొట్టివేశాను. “మగవాడి గురించి ఇలాంటివి సర్కారు కాగితం మీద పెట్టడం మర్యాద కాదమ్మాయీ. వైద్యుడి పత్రం ఉన్నది కదా, అది చాలు,” అన్నాను. “మీకు తెలియనిదా పెదనాన్నా,” అని ఆమె కూర కలపడానికి అటు తిరిగింది. సాఫుప్రతి రాసిచ్చాను. ఆమె చదవకుండా సంతకం పెట్టింది. నేను రాసినది చదవవలసిన అవసరం మా ఇళ్లలో ఎవరికీ ఎన్నడూ కలగలేదు.

“నాకు జ్ఞాపకం లేదు,” అన్నాను. వ్యాకరణ దోషమేమీ లేకుండా అన్నాను.

గుమాస్తా యంత్రం మీద ఆ మాట ఎక్కింది. దుభాషి, నియమం ప్రకారం, దానిని తెలుగులో ఆ దంపతులకు వినిపించింది: “ఆయనకి జ్ఞాపకం లేదంటున్నారు.”

అమ్మాయి నా వైపు తల తిప్పలేదు. తన చేతిసంచీ పిడిని పట్టుకున్నది. ఆసుపత్రి దుప్పట్ల ఆవిరికి ఆమె వేళ్లు ఎప్పుడూ ఉబ్బి, ఎర్రగా ఉంటాయి. తరువాత దుభాషితో అన్నది: “పెద్దవాళ్లని అడగొద్దని చెప్పమ్మా. పెద్ద వయసు, ఎన్నని గుర్తుంటాయి. ఎవరినీ అడగక్కర్లేదు. ఆవిణ్ణే చూసుకోమను.”

లేచింది. భర్త కోటు బొత్తాలు ఐదూ విప్పింది. ముందు మంచి చేయి, తరువాత చచ్చుబడిన చేయి, అలవాటైన క్రమంలో కోటు తీసి అతని ముందు బల్ల మీద పెట్టింది. తన కుర్చీలో కూర్చుని, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకున్నది.

“వేసుకోండి,” అన్నది.

“ఏంటే ఇది?”

“పద్నాలుగు ఔనులు చెప్పారు కదా. ఒకటో ఔను చూపించండి.”

“నలుగురిలో ఈ సర్కస్సేంటే! మావయ్యగారూ, చూడండి మీ అమ్మాయి.”

నేను చూస్తూనే ఉన్నాను.

వెల్డరు నవ్వుతూ మొదలుపెట్టాడు. ఎడమచేతి మూడు వేళ్లతో కోటు కాలరు పట్టుకుని వీపు మీదికి విసిరాడు. అది కుర్చీ వెనక్కు జారింది. వంగి తీశాడు. ఈసారి కాలరు పళ్లతో పట్టుకుని, కుడిచేతిని మణికట్టు దగ్గర ఎత్తి, కోటుచేతి దారిలో పెట్టబోయాడు. చేయి బరువుకు కోటు కిందికి లాగుకుపోయింది, పళ్లు వదిలేశాయి. మూడవసారి కోటును కుర్చీ వీపుకు తగిలించి, తాను వెనక్కు తిరిగి మోకాళ్ల మీద కూర్చుని, చేతిని దానిలోకి దూర్చే ప్రయత్నం చేశాడు. వర్క్‌షాపులో ఇనుప కమ్మెలను బిగించి పెట్టుకునే మనిషి ఆలోచించినట్టే ఆలోచించాడు. ఎడమచేయి లోపలికి వెళ్లింది. కుడిచేయి వెళ్లలేదు. కోటు సగం భుజాన, సగం నేల మీద వేలాడింది.

గోడ గడియారంలో నాలుగు నిమిషాలు గడిచాయి. నవ్వు ఎప్పుడో ఆగింది. చలిగదిలో అతని నుదుటి మీద చెమట పట్టింది. తుడుచుకోవడానికి ఎడమచేయి కోటులో ఇరుక్కున్నది.

“ఏమే,” అన్నాడు. ఆమె గడియారాన్ని చూస్తున్నది.

“ఒక్కసారి ఆ చెయ్యి ఇలా ఎత్తవే. తక్కినది నేను చేసుకుంటా.”

ఆమె భుజాలు ముందుకు కదిలాయి. చేతులు మాత్రం తొడల కిందనే ఉన్నాయి. నాలుగేళ్లుగా రోజుకు ఇన్నిసార్లు ముందుకు వచ్చిన చేతులను అక్కడ ఆపడానికి ఆమె తన శరీరపు బరువంతా వాటి మీద వేసి కూర్చున్నదని, పక్కన ఉన్న నాకు కనిపించింది.

ఆ సమయంలో శాఖ తరఫు అధికారి కుర్చీలోనుంచి సగం లేచాడు. కాగితం కోసం కాదు. అతని చేయి వెల్డరు కోటు వైపు చాచి ఉన్నది. విచారణాధికారిణి ఒక వేలు ఎత్తింది. అతను కూర్చున్నాడు.

ఆరవ నిమిషంలో వెల్డరు ఆగిపోయాడు. కోటు కాళ్ల దగ్గర వదిలేసి కుర్చీలో కూర్చున్నాడు. ఊపిరి అందేవరకు ఆగి, మొట్టమొదటిసారి విచారణాధికారిణి ముఖంలోకి చూశాడు.

“రాసుకోమనండి,” అన్నాడు. “చేసుకోలేనని రాసుకోమనండి.”

దుభాషి ఆ వాక్యాన్ని అనువదించడానికి కొంత వ్యవధి తీసుకున్నది. అది చిన్న వాక్యమే.

“శరీరస్థితి విషయంలో,” అన్నాడు శాఖ తరఫు అధికారి, “మాకిక అభ్యంతరం లేదు. నమోదు చేయవచ్చు. కాని ఫారం విషయం మిగిలి ఉన్నది. ఈ దంపతులు ఆ రోజు నిజం చెప్పి ఉంటే, భత్యమూ రాయితీ ఈ రోజే పునరుద్ధరించడానికి నిబంధన అనుమతిస్తుంది. చెప్పకపోయి ఉంటే, తెలిసి చేసిన తప్పుడు ప్రకటనగా అది వేరే విచారణకు వెళుతుంది. దానికి నాలుగు నెలలు పడుతుంది.”

నాలుగు నెలలు. అనుమతి గడువు వచ్చే నెలాఖరు. ఈ లెక్క ఆ గదిలో అందరికీ వచ్చు.

“చెప్పామండీ,” అన్నది అమ్మాయి. అంతకుమించి అనలేదు.

“చెప్పినట్టు ఆధారమేదైనా ఉన్నదా?” విచారణాధికారిణి అడిగింది.

అధికారి చూపు నా మోకాళ్ల మీదికి వచ్చింది. “ఆ నీలం ఫైలు మీద ఈ కేసు సంఖ్యే ఉన్నది. ఇంత శుభ్రంగా రాసేవారు ముందు చిత్తుప్రతి రాయకుండా ఉండరు. రాసినది పారవేసేవారుగా కూడా కనిపించడం లేదు. చూడవచ్చునా?”

నిజమే. ముప్పై ఒక్క ఏళ్లలో నేను ఒక్క చిత్తుప్రతి కూడా పారవేయలేదు. ఆ పెన్సిలు కాగితం ఫైలులో పైనుంచి మూడవది. ఆమె మాటలు, వాటి మీద స్కేలు గీత, పక్కన కొట్టివేత తేదీ, నా పొడి అక్షరాలు. అది బల్ల మీదికి వస్తే ఈ ఇద్దరూ నిజం చెప్పినవారవుతారు. పది నిమిషాల కిందట నేను చెప్పినది అబద్ధమవుతుంది. కార్డు పోతుంది. అది చిన్న సంగతి. నా దస్తూరీలో ఉన్న నలభై ఇళ్ల ఫారాలూ తిరగదోడతారు.

“అది వారి సొంత ఆస్తి,” అన్నది విచారణాధికారిణి. “చూపమని నేను ఆజ్ఞాపించలేను. పదిహేను నిమిషాల విరామం ఇస్తున్నాను. తరువాత ఆయన తెరవవచ్చు, తెరవకపోవచ్చు. ఆయన ఇష్టం.”

నేను ఫైలు దారం ముడిని పట్టుకుని ఉన్నాను. దానిని బిగిస్తున్నానో విప్పుతున్నానో నాకే తెలియలేదు. అప్పటికే అమ్మాయి లేచి, నేలమీది కోటు తీసి దులిపి, ముందు చచ్చుబడిన చేయి, తరువాత మంచి చేయి దానిలోకి ఎక్కిస్తున్నది. “చల్లబడిపోయారు చూడండి,” అన్నది అతనితో. “ఇంటికి పద, నీ సంగతి చెబుతా,” అన్నాడతను. కాని గడ్డం పైకెత్తి బొత్తాలు పెట్టనిచ్చాడు. అయిదోది పెట్టి ఆమె నా వైపు వంగింది.

“మఫ్లరు జారింది పెదనాన్నా,” అని సర్ది కూర్చున్నది.

విరామానికి లేవబోతూ విచారణాధికారిణి గుమాస్తాను ఆపి, ఒక విషయం తన మాటలలోనే నమోదు కావాలని, దానిని వెల్డరు భార్యకు ఆమె భాషలో చదివి వినిపించాలని కోరింది. దుభాషి లేచి నిలబడి చదివింది:

“ఈ కార్యాలయం ఈ దిగువ విషయాన్ని గుర్తిస్తూ నమోదు చేస్తున్నది. అప్పీలుదారు భార్య, ఏ అధికారీ కోరకుండానే, ఈ రోజు ఉదయం పది గంటల నలభై రెండు నిమిషాల నుండి పది గంటల నలభై ఎనిమిది నిమిషాల వరకు, తన భర్త పిలిచినప్పటికీ, తన రెండు చేతులనూ కదపలేదు. ఈ కేసులో ఇంతవరకు దాఖలైన అన్ని పత్రాలకంటె స్పష్టమైన సాక్ష్యంగా దీనిని స్వీకరించడమైనది. అందుకు ఆమెకు ఈ కార్యాలయం కృతజ్ఞత తెలుపుకుంటున్నది.”